టోక్యోలో బిజినెస్ హోటల్: ముగ్గురం, రెండు పెద్ద సూట్‌కేసులు, శాకాహారి అత్తగారు

గోదారి_కోడలు:
అందరికీ నమస్కారం. మార్చి నెలాఖరులో టోక్యో వెళ్దామనుకుంటున్నాం. నేను, మా ఆయన, మా అత్తగారు. ఆవిడకి మోకాళ్ల నొప్పులు. పూర్తి శాకాహారం, గుడ్డు కూడా ముట్టరు. సకురా (చెర్రీ) పూలు చూడాలన్నది ఆవిడ కోరికే. హోటల్‌కి రోజుకి పది వేల రూపాయలు దాటకూడదని మా ఆయన గీత గీసేశారు. వెతుకుతుంటే బిజినెస్ హోటల్ అనే రకం కనబడుతోంది, రూము 11 చదరపు మీటర్లట. అంటే మా వంటగదంత. ఉఎనో స్టేషన్ దగ్గర ఒకటి 9,800 యెన్లకి దొరికింది, సెమీ డబుల్, ఫోటోల్లో శుభ్రంగానే ఉంది. బుక్ చేసేయమంటారా? చిన్న రైస్ కుక్కర్ పట్టుకెళ్లొచ్చా?

ఓరుగల్లు_ఇంజినీర్:
అక్కా, జర ఆగుండ్రి. కంపెనీ పని మీద పోయినప్పుడల్లా నేను ఈ హోటళ్లల్లనే ఉంటా. మార్చి ఆఖరుల, అదిగూడ ఉఎనోల, 9,800కు రూమంటే నాకు అనుమానమే. ధర కింద చిన్న అక్షరాలల్ల స్మోకింగ్ అని ఉన్నదేమో చూడుండ్రి. 2020 ఏప్రిల్ నుంచి అక్కడ నాలుగు గోడల మధ్య పొగ తాగుడు మీద చట్టం గట్టిగ అమలైతున్నది గని, హోటల్ గదులకు మినహాయింపు ఇచ్చిండ్రు. అందుకే స్మోకింగ్ రూములు ఇంకా ఉన్నయ్. ఎవ్వరూ తీసుకోక మిగిలినయే అగ్గువకు కనబడ్తయ్. ఎంత స్ప్రే కొట్టినా కర్టెన్లకు పట్టిన వాసన పోదు.

ఇగ సెమీ డబుల్ సంగతి. అది 120 సెంటీమీటర్ల మంచం. మన ఇండ్లల్ల క్వీన్ సైజు 150 ఉంటది. సైటుల ఇద్దరికి అని రాస్తరు. ఒకరు పక్కకు తిరిగితే ఇంకొకరు లేసి కూసోవాలె.

గోదారి_కోడలు:
అయ్యో, నిజమే అన్నయ్యా. స్మోకింగ్ అనే ఉంది, కింద బూడిద రంగు అక్షరాల్లో. మా ఆయనకి చూపిస్తే "అందుకే చవక" అని తేలిగ్గా అనేశారు.

బెజవాడ_బాబాయ్:
ఏమ్మా, ఎందుకింత మథనం? ఇద్దరి పేరు మీద ఒక రూము తీసుకోండి, ముగ్గురూ సర్దుకోండి. పెద్దావిడకి మంచం, మీరిద్దరూ కింద దుప్పటి పరుచుకోండి. మా బావమరిది వాళ్లు అలాగే ఉండొచ్చారు, అడిగిన నాథుడు లేడు.

రాత్రి_డ్యూటీ:
బాబాయ్ గారూ, గౌరవంతోనే అంటున్నా, ఈ సలహా మాత్రం వద్దు. నేను టోక్యోలో చదువుకుంటూ ఒక బిజినెస్ హోటల్ ఫ్రంట్ డెస్క్‌లో పార్ట్ టైమ్ చేస్తున్నా. స్టూడెంట్ వీసా మీద అనుమతి తీసుకుంటే వారానికి 28 గంటలు చేయనిస్తారు.

ఇక్కడ లెక్క గదికి కాదు, మనిషికి. అదే గదికి ఒక్కరుంటే ఒక ధర, ఇద్దరుంటే ఇంకో ధర. ఉండే ప్రతి మనిషి పేరూ రిజిస్టర్‌లో ఉండాలి. జపాన్‌లో అడ్రస్ లేని విదేశీయులైతే పాస్‌పోర్ట్ కాపీ తీసుకుంటాం. అది మా చాదస్తం కాదు, ప్రభుత్వం పెట్టిన నిబంధన. మంటలు లేచినా, భూకంపం వచ్చినా ఏ గదిలో ఎందరున్నారో చూసుకునేది ఆ జాబితాలోనే. చాలా హోటళ్లలో లిఫ్ట్ మా ఎదురుగానే ఉంటుంది, పైన కెమెరా. మూడో మనిషి కనబడితే మర్యాదగానే అదనపు డబ్బు అడుగుతాం, లేదంటే ఇంకో గది తీసుకోమంటాం. ఆ రాత్రి గదులన్నీ నిండిపోయి ఉంటే మీకూ ఇబ్బంది, మాకూ ఇబ్బంది.

అయినా కింద పడుకోవడానికి నేల ఏదీ? మంచానికీ గోడ బల్లకీ మధ్య ఒక మనిషి పక్కకి తిరిగి నడిచేంత సందు. పెద్ద సూట్‌కేసు తెరిస్తే అదీ ఉండదు. కొన్ని హోటళ్లలో మంచం ఎత్తుగా వేసి కింద సూట్‌కేసు దూరేంత ఖాళీ ఉంచుతారు. ఫోటోల్లో అది చూసుకోండి, అలంకరణ కాదు. బడికి వెళ్లని పసిపిల్లలైతే వేరు, అమ్మానాన్నల మంచంలోనే పడుకుంటే చాలా చోట్ల డబ్బు తీసుకోరు.

బెజవాడ_బాబాయ్:
సరే నాయనా, కోప్పడకు. తిరుపతి గదుల అలవాటు మాది.

నిషికసాయ్_నాన్న:
గోదారి_కోడలు గారూ, బిజినెస్ హోటల్ అంటే ఊరూరూ తిరిగే ఉద్యోగి ఒక్కడు రాత్రి పడుకుని పొద్దున్నే రైలెక్కడానికి కట్టింది. అందుకే సింగిల్ గదులు కుప్పలుగా ఉంటాయి, ముగ్గురు పట్టే గదులు వెతికినా దొరకవు. మీకు సరిపడేది ఒక ట్విన్ (రెండు విడి మంచాల గది), ఒక సింగిల్, ఒకే అంతస్తులో. ట్విన్‌లో మీరూ అత్తగారూ, సింగిల్‌లో మీ ఆయన. బుక్ చేసేటప్పుడు "రెండు గదులూ దగ్గర దగ్గరగా ఇవ్వండి" అని ఒక ముక్క రాయండి. హామీ ఇవ్వరు కానీ వీలైతే చూస్తారు. ముగ్గురూ ఒకే చోట ఉండాలంటే మిమారు లాంటి అపార్ట్‌మెంట్ హోటళ్లున్నాయి. వంటగది కూడా ఉంటుంది, ధర మాత్రం మీ గీత దాటుతుంది.

ఇక తేదీలు. టోక్యోలో సకురా విరగబూసేది సాధారణంగా మార్చి చివరా, ఏప్రిల్ మొదటి రోజులు. ఉఎనో పార్కు ఆ పూలకే పేరుపడ్డ చోటు. అంటే మీరు సరిగ్గా ఖరీదైన వారంలో, ఖరీదైన పేటలో, చవక గది వెతుకుతున్నారు. రోజుకి పది వేల రూపాయలంటే ఇప్పటి లెక్కన 17 వేల యెన్లు అటూ ఇటూ. ఆ వారంలో రెండు గదులకి చాలదు. ఇక్కడి గదుల రేట్లు విమానం టికెట్ల తీరులో మారుతుంటాయి. శనివారం రాత్రి ఒకటి, మంగళవారం రాత్రి ఇంకోటి. ఆ చుట్టుపక్కల పెద్ద కచేరీ ఉంటే ఆ రాత్రి ఇంకా పైకి.

ఒంటరి_బాటసారి:
కోడలు గారూ, మోకాళ్ల నొప్పులన్నారు కాబట్టి ఒక మాట. గది చిన్నదన్న దిగులు కన్నా బాత్రూమ్ సంగతి చూసుకోండి. ఈ హోటళ్లలో ఉండేది యూనిట్ బాత్. టబ్బు, వాష్ బేసిన్, కమోడ్ అన్నీ కలిపి ఒక్క ప్లాస్టిక్ పెట్టెలా ఉంటుంది, ఫ్యాక్టరీలో చేసిన భాగాలు తెచ్చి గదిలో బిగిస్తారు. తలుపు దగ్గరే ఒక మెట్టు ఎత్తు ఉంటుంది. స్నానం చేయాలంటే టబ్బు గోడ దాటి లోపలికి దిగాలి. మనకి తేలికే, మోకాలు వంగనివాళ్లకి రోజూ అదో పరీక్ష. బుక్ చేసేముందు యూనివర్సల్ రూమ్ ఉందా అని ఈమెయిల్ పెట్టండి. వీల్‌చైర్ వాళ్ల కోసం చేసిన గది. మెట్టు ఉండదు, పట్టుకోవడానికి కడ్డీలుంటాయి, చోటు కూడా ఎక్కువ. అలాంటి గదులు హోటల్‌కి ఒకటో రెండో ఉంటాయి కాబట్టి ముందే అడగాలి.

ఏసీ మరొకటి. కొన్ని పాత హోటళ్లలో భవనం మొత్తానికి ఒకే మీట, చలికాలమంతా వేడి గాలి, ఎండాకాలమంతా చల్లగాలి. నేను ఏప్రిల్‌లో ఉన్న ఒక చోట ఇంకా వేడి గాలే వస్తోంది, బయట చూస్తే చక్కటి ఎండ. కిటికీ తీద్దామంటే నాలుగు వేళ్లు పట్టేంతే తెరుచుకుంది, ఎదురుగా పక్క బిల్డింగ్ గోడ. ఫ్రంట్‌లో చెబితే టేబుల్ ఫ్యాన్ ఇచ్చారు. ఏసీ గదికి గదికీ విడిగా ఉందో లేదో రివ్యూల్లో వెతకండి.

ఇన్ని వంకలు చెప్పినా నేను మళ్లీ మళ్లీ వీటికే వెళ్తా. ఆడదాన్ని, ఒక్కదాన్ని, రాత్రి పదకొండుకి సూట్‌కేసు లాక్కుంటూ చేరినా భయమనిపించలేదు. కార్డు లేకపోతే లిఫ్ట్ పైకి కదలని హోటళ్లు ఎంచుకుంటా. దుప్పటి మీద ఒక్క వెంట్రుక కనబడదు. రాత్రి వేసుకోవడానికి ఉతికిన నైట్ డ్రెస్ కూడా ఇస్తారు.

నిషికసాయ్_నాన్న:
బాటసారి గారు చెప్పిన ఆ పెట్టెకి ఒక కథ ఉంది. 1964 టోక్యో ఒలింపిక్స్ ముంచుకొస్తుంటే హోటల్ న్యూ ఒటానీ కడుతున్నారు, వెయ్యికి పైగా గదులు. అన్ని స్నానాల గదులకీ టైల్స్ అతుక్కుంటూ కూర్చుంటే ఆటలు అయిపోయేవి. అప్పుడు తోతో కంపెనీ వాళ్లు బాత్రూమ్‌ని ఫ్యాక్టరీలో తయారుచేసి తెచ్చి బిగించారు. ఆ పద్ధతే తర్వాత దేశమంతా పాకింది. అదే కంపెనీ 1980లో వాష్‌లెట్ తెచ్చింది, నీళ్లతో కడిగే కమోడ్. మీ అత్తగారికి జపాన్‌లో అన్నిటికన్నా అదే నచ్చుతుందని పందెం. యూరప్ వెళ్లొచ్చిన మనవాళ్లకి ఆ విలువ తెలుసు.

గోదారి_కోడలు:
హహ, ఆవిడ మొదట అడిగిన ప్రశ్న అదేనండీ! యూనివర్సల్ రూమ్ సంగతి ఇప్పుడే నోట్ చేసుకున్నా. కుక్కర్ గురించి ఎవరూ చెప్పలేదు.

బెజవాడ_బాబాయ్:
కుక్కర్ తప్పకుండా పట్టుకెళ్లమ్మా. పెద్దావిడ అన్నం లేకపోతే ఎలా ఉంటుంది? ప్లగ్గుకి అడాప్టర్ కొంటే సరి.

ఓరుగల్లు_ఇంజినీర్:
బాబాయ్, అడాప్టర్ కొంటె ప్లగ్గు పడ్తది, అన్నం గాదు. జపాన్ల కరెంటు 100 వోల్టులు, మనది 230. మన కుక్కర్ కాయిల్‌కు వోల్టేజ్ సగానికన్నా తక్కువైతే వేడి సగం గాదు, ఐదో వంతుకు పడిపోతది. 300 వాట్ల కుక్కర్ ఆడ 60 వాట్లు గూడ ఇయ్యది. పొద్దున పెడితే రాత్రికి గూడ నానబెట్టిన బియ్యమే ఉంటయ్. మన కెటిల్, ఇస్త్రీపెట్టె అన్నిటిదీ గదే కథ. ఫోను, లాప్‌టాప్ ఛార్జర్లకు ఫికరు లేదు, వాటి మీద 100 నుంచి 240 అని రాసి ఉంటది. రెండు చదును పిన్నుల అడాప్టర్ హైదరాబాద్ల కొనుక్కోని పోండ్రి. కెటిల్ రూముల ఉంటనే ఉంటది.

రాత్రి_డ్యూటీ:
కరెంటు సరిపోయినా గదిలో వంట నిషేధం అక్కా. పొగ అలారం మోగితే మొత్తం భవనం మెట్ల మీద నిలబడుతుంది. పసుపు మరక పడ్డ దుప్పటికి డబ్బు అడిగే హోటళ్లున్నాయి. పచ్చడి బల్ల మీదే తినండి, మంచం మీద కాదు.

నిషికసాయ్_నాన్న:
కుక్కర్ అవసరం లేదు. ఏ కన్వీనియెన్స్ స్టోర్‌కి వెళ్లినా వండి మూత వేసిన అన్నం ప్యాకెట్ దొరుకుతుంది. 200 గ్రాములు, మైక్రోవేవ్‌లో రెండు నిమిషాలు. చాలా బిజినెస్ హోటళ్లలో మైక్రోవేవ్ లాబీలోనో, వెండింగ్ మెషిన్ల పక్కనో ఉంటుంది. ప్లెయిన్ యోగర్ట్ 400 గ్రాముల డబ్బా తీసుకుంటే అది మన పెరుగే, తీపి లేనిది చూసుకోండి. ఆ అన్నం కొంచెం జిగురుగా ఉంటుంది కాబట్టి పెరుగన్నానికి ఇంకా బాగా కలుస్తుంది. మీరు తెచ్చిన ఆవకాయ ఉండనే ఉంది. మా అమ్మ వచ్చినప్పుడు క్యోటోలో రాత్రి భోజనాలు ఇలాగే గడిచాయి.

కొన్ని హోటళ్లు ఇచ్చే ఉచిత బ్రేక్‌ఫాస్ట్ మీద మాత్రం ఆవిడ విషయంలో ఆశ పెట్టుకోకండి. అన్నం, మిసో (పులియబెట్టిన సోయా ముద్ద) సూప్, సాల్మన్ చేప, గుడ్డు, హామ్ ముక్కలు కలిపిన బంగాళాదుంప సలాడ్, ఇవే వరసగా ఉంటాయి. మిసో సూప్ చూడ్డానికి శాకాహారమే, అడుగున ఉండేది దాషి, అంటే ఎండబెట్టిన బొనిటో చేప మరిగించిన నీళ్లు. ఉడికించిన కూరముక్కల్లోనూ అదే. "వెజిటేరియన్" అని చెబితే పైన కనబడే మాంసం తీసేసి అదే గిన్నె ఇస్తారు, మంచి మనసుతోనే. ఆవిడకి నిక్కచ్చిగా మిగిలేవి తెల్లన్నం, బ్రెడ్, పళ్లు, కాఫీ. మీ ఇద్దరికీ అయితే పండగే. ఏడున్నరకి వెళ్తే క్యూ, ఆరున్నరకి తలుపులు తీయగానే వెళ్లండి.

ఓరుగల్లు_ఇంజినీర్:
పచ్చళ్ల మాటొచ్చింది గన్క ఒకటి గట్టిగ చెప్తున్న. కోడి పచ్చడి, మటన్ పచ్చడి సంచిల పెట్టకుండ్రి. మాంసం ఏ రూపంల ఉన్నా జపాన్ల దిగనియ్యరు, కుక్కలు వాసన పట్టుకుంటూ తిరుగుతయ్. చట్టం ప్రకారం మూడేండ్ల జైలు, 30 లక్షల యెన్ల జరిమానా దాకున్నది. మామిడిపండ్లు, పచ్చి కరివేపాకు గూడ వద్దు. ఆవకాయకు, పొడులకు ఫికరు లేదు.

ఇగ ఏరియా మీద నా ఓటు ఉఎనో గాదు, కమత. హనెదా ఎయిర్‌పోర్ట్ నుంచి కేక్యూ రైలు లైన్ల పది నిమిషాలే. ఆఫీసోళ్ల పేట గన్క హోటళ్లు మస్తు, పూల సీజన్ల గూడ ఉఎనో అంత మండవు. తోయోకో ఇన్ అనే గొలుసు హోటళ్లోళ్ల మొట్టమొదటి హోటల్ 1986ల పెట్టింది కమతలనే. ఒక్కటి గుర్తు పెట్టుకోండ్రి, కేక్యూ కమత, జేఆర్ (ఇంకో రైలు కంపెనీ) కమత రెండు వేర్వేరు స్టేషన్లు. నడుమ పది పన్నెండు నిమిషాల నడక. హోటల్ "కమత స్టేషన్ దగ్గర" అంటే ఏ కమతనో మ్యాపుల చూసుకోండ్రి. సాయంత్రం సెంతోలకు (పైసలిచ్చి తానం చేసే స్నానశాలలకు) పోతె నల్లటి వేడినీళ్ల స్నానం, కాఫీ రంగుల ఉంటయ్, ఆ గడ్డ కింద ఊటలే గట్ల.

నిషికసాయ్_నాన్న:
తమ్ముడూ, ఒక్కడివైతే కమత సరే. శాకాహారి పెద్దావిడతో అయితే నేను ఒకాచిమాచి అంటాను. ఉఎనో పక్క స్టేషన్, మధ్యలో అమెయోకో బజారు. ఒకాచిమాచి నగల వ్యాపారం పేట. రత్నాల వ్యాపారం చేసే మన దేశం వాళ్లు అక్కడ చాలామంది, ఎక్కువగా జైనులు. అందుకే శాకాహారం దొరుకుతుంది. వెజ్ హెర్బ్ సాగా అనే రెస్టారెంట్‌లో దోసె, సాంబారు, మాంసం అసలు లేని వంటిల్లు. ఆంధ్రా కిచెన్ కూడా ఆ పేటలోనే, మీ ఆయనకి కారం కావాలంటే. టోక్యో స్టేషన్ గేటు లోపల టీస్ తాన్‌తాన్ అని పూర్తి వీగన్ (పాలు, గుడ్డు కూడా లేని) రామెన్ నూడుల్స్ కొట్టు ఉంది, అందులో చేప వాసన కూడా ఉండదు. ఆవిడ జపాన్ వంట ఒక్కటైనా రుచి చూడాలంటే అక్కడ చూపించండి.

ఉఎనో వైపు హోటల్ తీసుకుంటే స్టేషన్ నుంచి ఎన్ని నిమిషాలు అన్నది కాదు, లిఫ్ట్ ఉన్న ఎగ్జిట్ నుంచి ఎంత దూరం అన్నది చూడండి. పెద్ద స్టేషన్లలో లిఫ్ట్ ఒకటో రెండో ఎగ్జిట్లకే ఉంటుంది. "రెండు నిమిషాల నడక" అనే హోటల్‌కి దారి ముప్పై మెట్లు అయి ఉండొచ్చు. జేఆర్ ఉఎనో, కేసేయ్ ఉఎనో కూడా వేరు వేరు స్టేషన్లు. నరితా ఎయిర్‌పోర్ట్ నుంచి స్కైలైనర్ రైల్లో వస్తే దిగేది రెండోదానిలో.

ఒంటరి_బాటసారి:
నిషికసాయ్ నాన్నగారి మాటకే నా ఓటు. తిండి దొరికే చోటు దగ్గరుంటే మధ్యాహ్నం ఆవిడ గదికొచ్చి కాసేపు నడుం వాల్చి మళ్లీ బయల్దేరచ్చు.

గోదారి_కోడలు:
మరి ధర? ఉఎనో మండిపోతుందన్నారు కదా. అద్దె ఇళ్లయితే చవకేమో అని మా ఆయన కొత్త పాట మొదలెట్టారు.

నిషికసాయ్_నాన్న:
యాత్రికులకి ఇళ్లు అద్దెకివ్వడానికి 2018 జూన్‌లో చట్టం అమల్లోకి వచ్చింది. రిజిస్టర్ చేసుకుని, ఏడాదికి 180 రోజులే ఇవ్వాలి. రిజిస్ట్రేషన్ నంబర్ చూపించే ఇల్లయితే పర్వాలేదు. కానీ లిఫ్ట్ లేని రెండో అంతస్తు, తాళం పెట్టె కోడ్, చెత్తని నాలుగు రకాలుగా విడదీయడం, ఇవన్నీ పెద్దావిడతో మీకు పని పెంచుతాయి.

ధర తగ్గాలంటే పూలని వదలాలి, లేదా పూలున్న వేరే చోటికి వెళ్లాలి. ఏప్రిల్ చివర్లో పూలు ఉత్తరాన ఉంటాయి, హిరోసాకి వైపు. టోక్యోనే కావాలంటే గోల్డెన్ వీక్ సెలవులు మే 5తోనో 6తోనో ముగుస్తాయి, ఆ తర్వాతి వారం రండి. ఎండ హాయిగా ఉంటుంది, వానలు జూన్‌లో గానీ మొదలవ్వవు. వారం మధ్యలో అయితే సింగిల్ 8, 9 వేలు, ట్విన్ 14, 15 వేల యెన్లకి దొరికే అవకాశం ఉంది. మీ ఆయన గీత కొంచెం జరపాల్సిందే, బ్రేక్‌ఫాస్ట్ ఉచితంగా ఇచ్చే హోటలైతే మూడు బ్రేక్‌ఫాస్ట్‌లు అందులో కలిసొస్తాయని చెప్పండి. మనిషికి రాత్రికి 10 వేల యెన్లు దాటితే టోక్యో వాళ్లు వసతి పన్ను వేస్తారు, 2002 నుంచీ ఉంది, 100 యెన్లో 200 యెన్లో అంతే. దానికి కంగారు పడకండి.

గోదారి_కోడలు:
అత్తయ్యగారితో మాట్లాడానండీ. "పూలు టీవీలో చూశాలే, రైలు, గుళ్లు చాలు. మెట్లు లేకుండా చూడండి" అన్నారు. మే రెండో వారం ఖాయం. ఒకాచిమాచి వైపు ఒక హోటల్‌కి యూనివర్సల్ ట్విన్ కోసం ఈమెయిల్ పెట్టా, సింగిల్ అదే అంతస్తులో అడిగా. మా ఆయన గీత కూడా జరిపారు, గొణుక్కుంటూనే. ఇంకో సందేహం. మా విమానం పొద్దున్నే దిగుతుంది. తిన్నగా గదికి వెళ్లొచ్చా?

రాత్రి_డ్యూటీ:
వెళ్లలేరు అక్కా. చెక్ ఇన్ మధ్యాహ్నం మూడింటికో నాలుగింటికో. అంతకు ముందు బతిమాలినా ఇవ్వం, ఎందుకంటే ఆ గది అప్పుడు నిజంగానే తుడుస్తుంటాం. సామాను మాత్రం పొద్దున్నే ఫ్రంట్‌లో ఉచితంగా పెట్టుకోవచ్చు. అత్తగారికి అంతసేపు కష్టమైతే ముందు రాత్రి నుంచే బుక్ చేసి, "మర్నాడు పొద్దున చేరతాం" అని తప్పకుండా రాయండి. రాయకపోతే రాలేదనుకుని గది వదిలేస్తారు. చెక్ అవుట్ మామూలుగా పదికి.

చాలా చోట్ల ఇప్పుడు మెషినే చెక్ ఇన్ చేస్తుంది. పేరుతో వెతకొద్దు, బుకింగ్ నంబర్ కొట్టండి. మన పాస్‌పోర్ట్‌ల్లో ఇంటిపేరు ఒకచోట, అసలు పేరు రెండు ముక్కలుగా ఇంకోచోట ఉండి మెషిన్‌కి దొరకదు. మేమూ ఒక్కోసారి అన్ని రకాలుగా వెతుకుతాం. టూత్ బ్రష్, దువ్వెన గదిలో ఉండవు, లాబీలో అరల్లో ఉంటాయి, కావలసినవి తీసుకుని పైకి వెళ్లండి. 2022లో ప్లాస్టిక్ చట్టం వచ్చాక ఇలా చేశారు. బట్టలకి కాయిన్ లాండ్రీ ఉంటుంది, వంద యెన్ల నాణేలు దాచుకోండి. రాత్రి పది తర్వాత మెషిన్లు ఖాళీ ఉండవు, సాయంత్రం వేసేయండి. క్యోటో కూడా వెళ్తుంటే ఆ రెండు పెద్ద సూట్‌కేసులూ ఫ్రంట్‌లో ఇవ్వండి, తక్క్యూబిన్ (సామాను చేరవేసే సర్వీసు) వాళ్లు సాధారణంగా మర్నాటికి అక్కడి హోటల్‌కి చేరుస్తారు. ఒక రాత్రికి సరిపడా చిన్న బ్యాగు మీ దగ్గరుంచుకోండి.

బెజవాడ_బాబాయ్:
మరి ఆ గొలుసు హోటళ్లలో రాత్రి పూట నూడుల్స్ ఊరికే పెడతారని మా బావమరిది చెప్పాడు, అదైనా నిజమేనా?

ఓరుగల్లు_ఇంజినీర్:
నిజమే బాబాయ్. డార్మీ ఇన్ల రాత్రి తొమ్మిదిన్నర నుంచి పదకొండు దాక. చిన్న గిన్నెల సోయా రామెన్, పైసలు లేవు. పైన వేడినీళ్ల స్నానం చేసొచ్చి హోటల్ నైట్ డ్రెస్సుల్నే కూసోని తింటరు అందరు. కోడలక్కా, అత్తమ్మకు మాత్రం ఆ గిన్నె వద్దు, అది శాకాహారం గాదు.

గోదారి_కోడలు:
మా ఆయన ఇప్పుడు ఆ హోటల్ ధర వెతుకుతున్నారు. చంపేశారు మీరు.